కొత్త భూమిలో సముద్రం

“కొత్త ఆకాశం వస్తుంది, కొత్త భూమి వస్తుంది. అక్కడ సముద్రమన్నదే ఉండదు!” అని పాస్టరుగారు గొంతెత్తి చెప్పగానే, ముందు వరసలో కూర్చున్న పడవ తాత లేచి నిలబడ్డాడు.

“ఉండదంటే ఏంటయ్యగారూ?”

ప్రసంగం మధ్యలో ఎవరైనా లేస్తే పాస్టరుగారికి గిట్టదు. కానీ లేచినవాడు సంఘంలో అందరికన్నా పెద్దవాడు. కిటికీలోంచి కెరటాల హోరు వినిపిస్తూనే ఉంది.

“ఉండదంటే ఉండదు. అలా రాసి ఉంది.”

“మరి మేం?”

గుడిలో గుసగుసలు మొదలయ్యాయి. అక్కడ కూర్చున్నవాళ్ళంతా చేపలు పట్టేవాళ్ళో, అమ్మేవాళ్ళో. ఎంత తోముకున్నా ఒంటికి ఆ వాసన పోని జనం.

“మీరంతా ఉంటారు తాతా. కాకపోతే వేటకు వెళ్ళరు.”

“వెళ్ళకుండా కలకాలం ఏం చేయమంటారు?”

“నది ఉంటుంది. దానికి అటూ ఇటూ నెలనెలా కాసే చెట్లుంటాయి. పళ్ళు కోసుకోవచ్చు.”

“నాకు చెట్టెక్కడం రాదు” అన్నాడు తాత.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. తాత మాత్రం నవ్వలేదు.

“అయ్యగారూ, ఆ సముద్రం మమ్మల్ని కొట్టిన రోజుంది, మాకు పెట్టిన రోజుంది. దాని కోపం ఎప్పుడొస్తుందో మా ఇంటిదాని కోపం కన్నా నాకు బాగా తెలుసు. దేవుడు అన్నిటినీ కొత్తగా చేస్తాడని ఇందాక మీరే అన్నారు. దీన్నొక్కదాన్నీ ఎందుకు వదిలేస్తాడు? ఇదేదో ఉపమానమేమో, ఓసారి చూడండి.”

పాస్టరుగారి ముఖం కందిపోయింది.

“వాక్యానికి సొంత అర్థాలు తీయకు! రాసింది రాసినట్టే నమ్మాలి. ఒక్క అక్షరం మార్చడానికి నువ్వెవరు, నేనెవరు? చేసే పని పోతుందని ఏడ్చేవాడికి విశ్వాసం ఎక్కడున్నట్టు? కూర్చో!”

తాత కూర్చోలేదు. ఆయన వెనక ఇంకో నలుగురు లేచారు. ఇద్దరు విసురుగా గుమ్మం వైపు నడిచారు.

అప్పుడు గోడ పక్క నుంచి ఎండుచేపల అత్త మాట్లాడింది. పోయినేడు ఆమె కొడుకు వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. శవమైనా ఒడ్డుకు చేరలేదు.

“నాకా మాట బాగుంది” అంది. “అది లేకపోతేనే నయం. నా బిడ్డను మింగింది అదే. పొద్దున్నే లేచి దాని మొహం చూడక్కర్లేదంటే నాకంతే చాలు.”

గుమ్మం దాకా వెళ్ళినవాళ్ళు ఆగిపోయారు. తాత ఆమె వైపు చూశాడు. అరచేత్తో ముఖం తుడుచుకుని కూర్చుండిపోయాడు. మిగతావాళ్ళూ ఒక్కొక్కరే సర్దుకున్నారు.

“చదవండయ్యగారూ” అంది అత్త. “అక్కడ ఇంకా ఏమేం ఉండవో చదవండి.”

పాస్టరుగారికి ప్రాణం లేచొచ్చింది. పుస్తకం పైకెత్తి పట్టుకున్నారు.

“కన్నీళ్ళుండవు!”

“ఆమేన్!”

“చావుండదు!”

“ఆమేన్!” అందరి గొంతుల్నీ దాటి అత్త గొంతు వినిపించింది.

“చూశారా! పాతవన్నీ పోవాల్సిందే. పోయేదాని మీద మమకారం పనికిరాదు” అంటూ పాస్టరుగారు ఊపు మీద పేజీ తిప్పారు. ఆ కొత్త భూమి మీదికి పరలోకం నుంచి దిగివచ్చే పట్టణం గోడలు ఎలా ఉంటాయో, గుమ్మాలు ఎలా ఉంటాయో, ఏ రాయి ఏ రంగులో మెరుస్తుందో చేతులు తిప్పుతూ వర్ణించారు. తాత కూడా తలూపుతున్నాడు.

“అక్కడ దేవుడే మన మధ్య కాపురముంటాడు! అందుకని ఆ పట్టణంలో గుడి కూడా ఉండ...”

పాస్టరుగారి వేలు ఆ వరస మీదే నిలిచిపోయింది.

“ఆమేన్!” అన్నారు జనం, అలవాటు కొద్దీ.

అత్త ఒక్కతే అనలేదు.

“గుడి ఉండదా?” అంది జాలిగా. “అయ్యో, మరి మీరేం చేస్తారయ్యగారూ?”

పాస్టరుగారు పుస్తకం మూసేశారు. గొంతు సవరించుకున్నారు. వేదిక దిగి వచ్చి పడవ తాత పక్కన కూర్చుని, ఆయన చెయ్యి తన చేతిలోకి తీసుకున్నారు.

“మీరన్నదే నిజం తాతగారూ, ఇదంతా ఉపమానమే!”