ఒకటిన్నర నుంచి ఆరు దాకా

“దీంట్లోంచి చూడరా” అంటూ, తుపాకీ మీద బిగించే స్కోపు ఒకటి తీసి రూనే చేతిలో పెట్టాడు హెల్మెర్.

రూనే దాన్ని కంటికి ఆనించాడు. షాపు కిటికీలోంచి వీధి అవతల చర్చి గడియారం కనబడింది. హెల్మెర్ చెయ్యి చాపి స్కోపు మీది రింగు తిప్పాడు. చర్చి పోయింది, గడియారం పోయింది, అద్దం నిండా ముల్లు ఒక్కటే మిగిలింది. రూనే గబుక్కున స్కోపు దించేశాడు.

“ఏరా, టైము నచ్చలేదా?”

“కళ్ళు మంట” అన్నాడు రూనే.

మండుతున్నది కళ్ళు కాదు. పోయిన అక్టోబరులోనూ ఇలాగే అద్దం నిండిపోయింది. ఆ రోజు ఉదయం చిత్తడి నేల అవతల, ఎక్కడో దూరాన ఉన్న మూస్ దుప్పి కోసం రూనే రింగుని పన్నెండు రెట్ల దాకా తిప్పాడు. దుప్పి దొరకలేదు. మధ్యాహ్నం స్ప్రూస్ చెట్ల గుబురులోకి మాటు మార్చాడు గానీ, రింగు వెనక్కి తిప్పడం మరిచిపోయాడు. ఇరవై అడుగుల దూరంలో కొమ్మలు కదిలాయి. అద్దం నిండా బూడిదరంగు బొచ్చు. తల లేదు, తోక లేదు, ఒట్టి బొచ్చు. దుప్పి దూడ అనుకున్నాడు.

కాల్చాక వెళ్ళి చూస్తే డీసా. హెల్మెర్ వేటకుక్క.

రూనే దాన్ని ఒక కూలిన చెట్టు వేళ్ళ కింద గుంటలో పెట్టి, పైన నాచు కప్పాడు. చప్పుడు విని వేట జట్టంతా వచ్చేసరికి ఎదురెళ్ళి, దుప్పిని కాల్చాను, తగల్లేదు అన్నాడు. గురి తప్పిందన్నా సరే, నెత్తురు చుక్క ఏమైనా పడిందేమో కుక్కతో వాసన చూపించి తీరాలి. అది వాళ్ళ వేటలో కట్టుబాటు. హెల్మెర్ రెండు చేతులూ నోటి దగ్గర దోసిలిగా పెట్టుకుని డీసాని పిలిచాడు. పిలుస్తూనే ఉన్నాడు. భోజనానికి కూర్చుంటే రూనేకి ఇప్పటికీ ఆ పిలుపే వినిపిస్తుంది.

ఆ రోజు రూనే తుపాకీని కూడా హెల్మెరే ఇంటిదాకా మోసుకొచ్చి, స్కోపు తుడిచి మరీ ఇచ్చాడు. రెండు రోజులు అడవంతా వెతికారు. మూడో రోజు జట్టు ఆ గుబురు వైపు మళ్ళబోతుండగా, “చాల్లే, ఇళ్ళకి పోదాం పదండి” అన్నాడు హెల్మెర్. తోడేలు పనే అని ఊరు తేల్చేసింది. దాన్ని చంపడానికి అనుమతి ఇమ్మని అర్జీ రాశారు. అందరికంటే ముందు సంతకం పెట్టాల్సిన హెల్మెర్ పెట్టనన్నాడు. కళ్ళతో చూడందే ఎవరి మీదా నేరం మోపలేనన్నాడు. ఇంత మంచివాడి కుక్కనా నేను పొట్టన పెట్టుకున్నది అని రూనే ఇంకా కుంగిపోయాడు.

అప్పట్నుంచి తేలు కుట్టిన దొంగలా తిరుగుతున్నాడు. ఎవరైనా తోడేలు మాట ఎత్తితే కాఫీ పెడతానని లేచిపోతాడు. చెప్పేద్దామని ఎన్నోసార్లు హెల్మెర్ గుమ్మందాకా వెళ్ళాడు. చెబితే నలభై ఏళ్ళ స్నేహం ఆ పూటతో సరి. ఆ భయంతో వాతావరణం గురించి మాట్లాడి వచ్చేవాడు. ఈ ఏడు ఇంక వేటకి రాననేశాడు. ఎందుకు రావని అడిగితే స్కోపులోకి చెమ్మ చేరిందన్నాడు. ఆ సాకు విన్న మర్నాడే హెల్మెర్ కారేసుకుని వచ్చి, కొత్తది కొందాం పదమని బలవంతంగా ఎక్కించుకున్నాడు.

“ఇది మూడు నుంచి పన్నెండు దాకా పెరుగుతుంది” అంది షాపు యజమాని ఇర్మా, ఇంకో స్కోపు బల్ల మీద పెడుతూ. “దూరం కాల్చేవాళ్ళు దీన్నే అడుగుతారు.”

“వీడికి అంత దూరపు చూపు వద్దమ్మా” అన్నాడు హెల్మెర్. “దూరపు కొండలు నునుపు. దగ్గర ఉన్నది కనబడితే చాలు.”

“అయితే ఇది చూడండి. ఒకటిన్నర నుంచి ఆరు. ఒకటిన్నర మీద పెడితే రెండు కళ్ళూ తెరుచుకుని చూడొచ్చు. పక్కన ఏం కదిలినా తెలుస్తుంది.”

రూనే చూశాడు. షాపు మొత్తం కనబడింది. గోడ మీది కొమ్ములు, కాఫీ కప్పులు, మీసానికి దాల్చిన చెక్క రొట్టె పొడి అంటించుకుని నవ్వుతున్న హెల్మెర్.

“నేను కనబడుతున్నానా?”

“ఊఁ.”

“మొత్తం?”

“మొత్తం” అన్నాడు రూనే.

“ఇదే కట్టివ్వమ్మా” అన్నాడు హెల్మెర్.

తిరుగు దారిలో ఎలాగైనా చెప్పేయాలనుకున్నాడు రూనే. వంతెన దగ్గర చెబుదామనుకున్నాడు, వంతెన దాటిపోయింది. రంపపు మిల్లు దగ్గర అనుకున్నాడు, అదీ దాటిపోయింది. ఇంతలో హెల్మెర్ కారుని ఒక పొలం బాటలోకి తిప్పాడు.

“చిన్న పనుంది, కూర్చో” అని దిగి వెళ్ళాడు.

వచ్చేటప్పుడు కోటు లోపల ఏదో కదులుతోంది. తీసి రూనే ఒళ్ళో పెట్టాడు. ఎనిమిది వారాల కుక్కపిల్ల. డీసా జాతే. అది రూనే బొటనవేలిని పట్టుకుని తీరిగ్గా నమలడం మొదలెట్టింది. కారు మళ్ళీ రోడ్డెక్కింది. రూనే కళ్ళ నీళ్ళు దాని వీపు మీద పడుతున్నాయి.

“హెల్మెర్, నీకో మాట చెప్పాలి. డీసా సంగతి...”

“ఇదీ బూడిదరంగుదే కదరా” అన్నాడు హెల్మెర్, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, “ఈసారి గుబురులోకి వెళ్ళే ముందు రింగు వెనక్కి తిప్పుకో.”