అర్థంపర్థం లేని మాటలు

"ముందు వీన్ని బయటికి ఈడ్చండప్పా!" మంజులమ్మ గొంతు చించుకుని అరిచింది.

పట్టుపురుగుల షెడ్డు గుమ్మంలో ఆ అసోం మనిషి రెండు చేతులూ చాచి అడ్డంగా నిలబడ్డాడు.

అప్పుడే కోసుకొచ్చిన మల్బరీ ఆకును బుట్టలకు బుట్టలు పేడదిబ్బ మీద కుమ్మరించి వచ్చాడు.

లోపల పురుగులు ఆకలి మీద ఉన్నాయి. ఇంకో వారంలో గూళ్లు కట్టాలి.

అతను తమిళనాడు అంచున ఉన్న కెలమంగలం బస్టాండులో పని అడుక్కుంటూ దొరికి ఆరు నెలలయింది. పేడ ఎత్తడం, దిబ్బ తవ్వడం అతని పని. షెడ్డులోకి అడుగు పెట్టనిచ్చేవాళ్లు కాదు. తెలుగు రాదు, తమిళం రాదు, హిందీ కూడా అంతంతే.

ఏదో చెబుతూ ఒక ఆకును వాసన చూశాడు. దాన్నే మంజులమ్మ ముక్కు దగ్గరికి తెచ్చాడు.

"అయ్యో, మీదికొస్తా ఉండాడు!" ఆమె వెనక్కి గెంతింది.

భర్త గుర్రప్ప కట్టె తీసుకున్నాడు. ఎన్ని దెబ్బలు పడినా అతను గుమ్మం వదల్లేదు. ఆకు నమిలి ఉమ్మేసి చూపిస్తూ, ఏడుస్తూ అరిచాడు.

"పిచ్చి ముదిరిందప్పా" అన్నారు చూడవచ్చినవాళ్లు.

పోలీసులొచ్చారు. 'ఆడమనిషి మీదికి వచ్చినాడు' అని రాసిన కాగితం మీద మంజులమ్మ సంతకం పెట్టింది. అతన్ని పిచ్చాసుపత్రికి పంపారు.

ఆ సాయంత్రమే అదే తోటలో మళ్లీ ఆకు కోసి వేశారు. తెల్లారేసరికి పురుగులన్నీ పచ్చరసం కక్కి చచ్చాయి.

పట్టుపరిశ్రమ ఆఫీసరు వచ్చి ఒక ఆకు తెంపి వాసన చూశాడు.

"పక్క తోటలో టమోటాకు మందు కొట్టినారు. గాలికి మీ ఆకు మీద పడింది. ఒక్కరైనా కనిపెట్టలేదామ్మా?"

మంజులమ్మ మొగుడి వైపు తిరిగింది.

"పోయి ఆ మనిషిని తోడుకొద్దాం పద."

"నోరు మూసుకో. కేసు మన మెడకు చుట్టుకుంటాది."

మూడు నెలలు ఇంట్లో రోజూ పోట్లాటే. చివరికి ఆమె ఒక్కతే బస్సెక్కింది.

అతను వార్డులో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చేతులు వణుకుతున్నాయి. పెదవి చివర చొంగ.

"అప్పా, నేను మంజులమ్మను."

అతని చూపు ఆమె మీద నిలవలేదు.

నర్సు ఫైలు తెరిచి తమిళంలో చదివింది: "అర్థంపర్థం లేని మాటలు."

"అర్థం లేదని ఎవరు చెప్పినారు? మీకు అర్థం కాకుంటే పిచ్చేనా?" వార్డంతా అదిరేలా అరిచింది మంజులమ్మ.

నర్సు ఇంకో కాగితం తిప్పింది. "ఈ సంతకం మీదే కదమ్మా?"

మంజులమ్మ ఆ సంతకం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

నర్సు ఫైలు మూస్తూ అంది. "పోయిన వారం అసోం అమ్మాయి ఒకతె నర్సుగా చేరింది. ఆమెతో ఒక్కరోజు మాట్లాడాడు. ఇల్లూ పొలమూ ఏరు కోసుకుపోయిందట. అంతే, మళ్లీ నోరు విప్పలేదు."

"ఆడ ఏం పని చేసేవాడంట?"

"ముప్పై ఏళ్లు ఊరూరా తిరిగి, ఆడవాళ్లకు పట్టుపురుగులు పెంచడం నేర్పిన మాస్టరంట."