పాత ఫోను

"అమ్మా, ఇది తెరుసుకోడం నేదు."

రుషికొండలోని ఆఫీసు రిసెప్షన్‌లో నిలబడి ఆ మనిషి తన ఫోను ముందుకు చాపాడు. అద్దం నిండా పగుళ్ళు. తెర తెల్లగా, ఖాళీగా ఉంది.

మధులతకు విసుగొచ్చింది. సముద్రంలో చేపల వేటకెళ్ళేవాళ్ళకు తుఫాను హెచ్చరికలు అందించే వెబ్‌సైట్ అది. దాన్ని ఈమధ్యే కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చారు. మార్చింది ఆమే.

"ఎక్కణ్ణుంచి వచ్చారు?"

"యారాడమ్మా. నా పేరు కొండలరావు. మొన్నటిదాకా బానే వచ్చీది. మీరేటో మార్సినారంట కదా, అప్పట్నుంచి తెల్లకాయితంలా వత్తంది."

"మీది బాగా పాత ఫోను. కొత్త సైటు దాంట్లో రాదు. ఫోను మార్చుకోండి."

"అది కాదమ్మా, మా ఊర్లో..."

"ఆగండి." ఆమె లాప్‌టాప్ అతని వైపు తిప్పింది. "ఇదిగో, యారాడ పేరుతో మా దగ్గర నమోదైంది ఒక్కటే ఫోను. అది మీదే. ఒక్కరి కోసం అంతా వెనక్కి మార్చమంటారా?"

కొండలరావు ఫోను వెనక్కి తీసుకున్నాడు.

"పాతది కూడా ఓ పక్కన ఉంచనేరా తల్లీ? బొమ్మలొద్దు. ఉత్త అచ్చరాలైనా సాలు."

నిజానికి అదేం పెద్ద పని కాదు. ఒక పూట కూర్చుంటే అయిపోతుంది. మధులత లోపలికెళ్ళి మేనేజర్ మోహనకృష్ణను అడిగింది.

"ఒక్క యూజరేగా? వదిలెయ్. వచ్చే అప్‌డేట్‌లో చూద్దాం," అన్నాడాయన తలెత్తకుండా.

ఆమె బయటికొచ్చి, "చూస్తాం, వెళ్ళండి," అంది.

శుక్రవారం పొద్దున హెచ్చరిక వచ్చింది. ఈదురుగాలులు, ఎవరూ వేటకు వెళ్ళొద్దని. కొత్త సైటు దాన్ని క్షణంలో ఎర్రటి అక్షరాలతో చూపించింది. మోహనకృష్ణ ఆమె భుజం తట్టాడు.

మర్నాడు ఆయనే ఆమెను యారాడ పంపాడు.

"అక్కడేదో ప్రమాదమట. హెచ్చరిక మనం టైముకే ఇచ్చాం, వాళ్ళే చూసుకోలేదని రాయించుకుని రా."

యారాడ ఒడ్డున జనం మూగి ఉన్నారు. పడవలన్నీ ఇసుక మీదే కనిపించాయి. మధులతకు ప్రాణం లేచొచ్చింది.

"అందరూ వచ్చేశారా?" అని పక్కనున్న ముసలామె వరహాలమ్మను అడిగింది.

ఆమె కళ్ళు సముద్రం మీదే ఉన్నాయి.

"ఒక్కడు రానేదమ్మా. నిన్న గాలి మల్లడం సూసి, అందర్నీ ఎనక్కి పిలుసుకొత్తానని తెప్పేసుకుని ఎల్లాడు. ఆల్లందరూ వచ్చీసినారు. పిలవడానికెల్లిన కొండలరావే రానేదు."



"మరి హెచ్చరిక ఇచ్చాం కదమ్మా. మీరెవరూ ఫోన్లో చూసుకోలేదా?"

"మావన్నీ బటన్ ఫోన్లు. సదువా నేదు. రోజూ ఆ కొండలరావే తన ఫోన్లో సూసి, రామాలయం మైకులో ఊరందరికీ సదివి ఇనిపించీవోడు."