షెడ్డులో రంపం

షెడ్డులో గిటారు వాయిస్తూ కోల్బీ పాడుతున్న పాట సగంలో ఉండగా, వాళ్ల నాన్న డ్వేన్ వచ్చి కూర్చున్నాడు. ఆ పాట అడవుల్ని నరికేవాళ్లకు పెట్టిన శాపం. నాన్న ఆరెగాన్ కొండల్లో బతుకంతా చెట్లు నరికినవాడే.

ఆపితే నాన్నకు అనుమానం వస్తుంది. కోల్బీ కళ్లు మూసుకుని చివరి అరుపుదాకా లాగించాడు.

"మొహానికా తెల్లపూతేంట్రా? మీ అమ్మ పిండి డబ్బాలో దూరావా?" అన్నాడు నాన్న.

"బ్లాక్ మెటల్ సంగీతమంటే అంతే నాన్నా. పాడేవాళ్లు శవాల్లా కనబడాలి."

"గిటారు అచ్చం నా మోటారు రంపంలాగే మోగుతోంది. చెవులు పోతున్నాయి, కాస్త తగ్గించు."

"మరి పాట?" భయంభయంగా అడిగాడు కోల్బీ.

"ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు."

కోల్బీ హమ్మయ్య అనుకున్నాడు.

నాన్న లేచి తలుపుదాకా వెళ్లి ఆగాడు. "చివర్లో అరిచావే, అదెక్కడ విన్నావురా? పెద్ద దేవదారు ఒరిగేముందు అలాగే అరుస్తుంది. అది వినలేకే, చెట్టు నేలకూలేదాకా నేను రంపం మోత ఆపేవాణ్ణి కాదు."



నాన్న తిరిగొచ్చి కూర్చున్నాడు. "మళ్లీ పాడు," అన్నాడు. "గిటారు మాత్రం తగ్గించకు."