కొంగల కాపలా

మిలటరీలో పదహారేళ్లు చేసి వచ్చానని, కలిదిండిలో ఒక చేపల చెరువు రైతు నన్ను ఏరికోరి కాపలా పెట్టుకున్నారు.

"కొంగలు వాలితే టపాకాయ పేల్చండి చాలు. మిలటరీ వారికి అదో లెక్కా అండీ!" అన్నారు.

మొదటి రోజు టపాకాయ పేలగానే కొంగలన్నీ లేచిపోయాయి. చూసుకునేసరికి నేను గట్టు మీద బోర్లా పడి ఉన్నాను, రెండు చేతులూ తల మీద పెట్టుకుని.

"కాలు జారిందమ్మా," అన్నాను, చేపలకు మేత వేస్తున్న వీరదుర్గతో.

తను గట్టు వైపు చూసింది. గట్టు పొడిగా ఉంది.

"నాలుగు రోజులు వింటే అలవాటైపోతుంది లెండి బాబాయిగారూ," అంది.

నలభై రోజులైంది. ఇవాళ పొద్దున్న పేలిస్తే ఒక్క కొంగ కూడా ఎగరలేదు. వాటికి అలవాటైపోయింది.

బోర్లా పడినచోటు నుంచే తలెత్తి వాటిని చూశాను.