మూడు వేల పాట

“ఏయ్, ఎవరది? గెడ మీద చెయ్యి తియ్యి!”

ప్రసాద్ అరిచాడు. ముసలాయన తిరిగి చూడలేదు.

చెరువు గట్టు చివర కారు నిలబెట్టి ఉంది. నాలుగు తలుపులూ తీసి ఉన్నాయి. లోపల పాట మోగుతోంది. పాట అనాలి కాబట్టి అనడం. రేకు డబ్బాని కర్రతో బాదినట్టుంది.

మొన్న శనివారం ప్రసాద్, ఏలూరు స్నేహితుడు తన్వీర్‌తో కలిసి హైదరాబాదు వెళ్ళి మ్యూజిక్ ఫెస్టివల్ చూసొచ్చాడు. మనిషికి మూడు వేలు. కుర్చీ లేదు. తెల్లవార్లూ నిలబడ్డాడు.

మర్నాడు ఆ ఊళ్ళోనే క్లబ్బుకు వెళ్ళాడు. అక్కడా నిలబడ్డాడు.

వాళ్ళ ఆకివీడులో క్లబ్బంటే పేకాట. తండ్రి హనుమంతరావు హడలిపోయాడు.

“పేకాట కాదు నాన్నా. గెంతడం.”

“పేకాటే నయం కదరా. అందులో ఎప్పుడన్నా ఒకసారి డబ్బు తిరిగొస్తుంది.”

వచ్చే సోమవారం చెరువులో చేపల పట్టుబడి. ఏడాదిన్నర పెంచిన చేప. ఇల్లంతా ఆ చెరువు మీదే ఉంది. కళ్ళ డాక్టరు కోసం ముందురోజే ఏలూరు వెళ్తూ హనుమంతరావు ఒకటే మాట చెప్పాడు. గట్టు వదిలి కదలకు.

ప్రసాద్ కదల్లేదు. కారునీ తన్వీర్‌నీ గట్టు మీదికే తెచ్చుకుని పాట పెట్టుకున్నాడు.

రెండు రోజులుగా ముసురు. ఆ పొద్దున గాలి కూడా లేదు.

ప్రసాద్ వెళ్ళి ముసలాయన భుజం పట్టి తిప్పాడు. ముతక పంచె, మెడలో తువ్వాలు. ముసలాయన దణ్ణం పెట్టాడు.

“బాబుగారూ, ఆ బండి కాస్త ఆపించండి. అదురుతోందండి. గెడ తెలియట్లేదు.”

మేత సంచులకు చిల్లులు పెట్టి, గెడలకు కట్టి నీళ్ళలో దింపుతారు. చేప వచ్చి సంచి పొడుచుకుని తింటుంది. తింటున్నంతసేపూ గెడ ఆడుతుంది. ఆగిందంటే చేప మేత మానిందన్న మాట. ఆ మాత్రం ప్రసాద్‌కీ తెలుసు. కానీ అతనికి మొదటి మాటే వినపడింది.

“పాట ఆపాలా? ఇది వినడానికి ఎంత పోశానో తెలుసా? మూడు వేలు. నీకు ఊరికే వినిపిస్తున్నా. విను.”

“మబ్బు పట్టిందండి. ఇంజను వేయించండి. కొత్త నీరు పెట్టాలి.”

“నేనేం అంటున్నా, నువ్వేం అంటున్నావ్?”

“ఆలస్యం చెయ్యకండి బాబూ.”

తన్వీర్ నవ్వాడు. “ఇంజను అంటున్నాడంటే అర్థమవలేదా? డీజిల్ కోసం వచ్చాడ్రా.”

గట్ల మీద నీళ్ళు తోడే ఇంజన్లలో డీజిల్ పోవడం కొత్త కాదు. ప్రసాద్ కారు దగ్గరికి వెళ్ళి పాట ఇంకా పెంచాడు.

“ఇప్పుడు బాగుందా తాతా?”

ముసలాయన గెడ వదిలేశాడు. నేరుగా ఇంజను పాక దగ్గరికి నడిచి హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు.

అంతే. ప్రసాద్ పరుగెత్తుకెళ్ళి తువ్వాలు పట్టి లాగాడు.

“దొంగ ముసలాడా! సిగ్గు లేదా నీకు? మళ్ళీ గట్టెక్కావంటే కాళ్ళు విరుగుతాయి.”

గట్టు దిగేదాకా నెట్టాడు. ముసలాయన పడబోయి నిలదొక్కుకున్నాడు.

“తేలతాయండి. చేప తేలుతుందండి బాబూ,” అని వెళ్ళిపోయాడు.

ఇద్దరూ కార్లో కూర్చున్నారు.

“ఒరేయ్, నిజం చెప్పు,” అన్నాడు తన్వీర్, పాట మీద నుంచి అరుస్తూ. “అక్కడ నీకేమన్నా అర్థమయిందా?”

“అర్థమవడానికి అదేమన్నా పాఠమా?”

“మంచినీళ్ళ సీసా ఎనభై. ఒకడు నా కాలు తొక్కాడు. ఆ వాపు ఇంకా తగ్గలేదు. మూడు వేలు పెట్టి తొక్కించుకున్నట్టయింది.”

“నీకు టేస్టు లేదురా. అది చెవులతో వినేది కాదు. ఒంటికి తగలాలి.”

“నాకు తగిలిందిగా, కాలికి.”

ఎనిమిదిన్నరకు తన్వీర్ గట్టు దిగబోయి ఆగిపోయాడు.

“ప్రసాదూ, ఇలా రా!”

గట్టు పొడవునా నీళ్ళ మీద నోళ్ళు. వందల నోళ్ళు. తెరుస్తూ మూస్తూ, ముసురుకి నీళ్ళలో చాలని గాలి కోసం.

ప్రసాద్ ఇంజను పాకకు పరుగెత్తాడు. నాలుగోసారికి ఇంజను అందుకుంది. కొత్త నీరు పడింది. అప్పటికే బొచ్చె చేపలు తెల్లగా వెల్లకిలా తిరుగుతున్నాయి.

పదింటికి కొంగలు దిగాయి.

పదకొండింటికి హనుమంతరావు వచ్చాడు. కంటికి కట్టు ఉంది. రెండో కన్ను చాలు, చెరువు చూడటానికి.

“ఫోను ఎత్తవేం? ఏడింటి నుంచి చేస్తున్నాను.”

“పాటలో వినపడలేదు నాన్నా.”

“సూర్రావుగారు రాలేదా?”

“ఎవరాయన?”

“కొల్లేటి లంక మనిషి. గెడ మీద చెయ్యి పెట్టి చెరువు సంగతి చెప్పేస్తాడు. ఈ చుట్టుపక్కల చెరువులు చాలా ఆయన చేతి మీద బతికాయి. నెల రోజులు బతిమాలితే, సోమవారం దాకా ఉంటానని రాత్రి కబురు పెట్టాడు. అది చెప్పాలనే ఫోను.”

ప్రసాద్ గట్టు మీద కూలబడ్డాడు.

“వచ్చాడు నాన్నా. నేనే నెట్టేశాను. దొంగన్నాను, అనరాని మాటలన్నాను. ఆపమన్నాడని, పాటంటే పడని మనిషనుకుని ఇంకా పెంచాను.”

హనుమంతరావు కొడుకు వైపు చూడలేదు.

“ఉరుమైనా వినపడక ఆయనకి ఇరవయ్యేళ్ళయిందిరా,” అన్నాడు.