గుండుసూదుల బొమ్మలు

ఆండాలు పావడా అంచున ఒక ముక్క మాయమైంది.

కత్తెరతో నీటుగా కోసినట్టుంది. చూడగానే తల్లి సుందరమ్మ పిల్లను దగ్గరికి లాక్కుంది.

మూడేళ్లప్పుడు పోలియో వచ్చి పిల్ల ఎడమకాలు చిక్కిపోయింది. తొమ్మిదేళ్లు నిండినా గోడ పట్టుకోకుండా నిలబడలేదు. నాలుగు రోజులుగా ఆ కాలే ఒకటే గుంజుతోందంటోంది. పొద్దుట్నించి ఒళ్లు కూడా వెచ్చబడింది.

"ఎవరు కోసిన్రే?" అని అడిగితే పిల్ల ఆ అంచును గుప్పిట్లో దాచుకుంది.

"బట్టముక్క పోయిందంటే ఇంకేంది సుందరమ్మా? బాణామతే," అంది పక్కింటి నాగమణమ్మ.

అది డెబ్బై తొమ్మిదో, ఎనభయ్యో సంవత్సరం. ఆ రోజుల్లో కార్వాన్ బస్తీలో ఆ చేతబడి పేరు ఎత్తితే గొంతు తగ్గించేవాళ్లు. నాగమణమ్మ మాత్రం వాడంతా వినేట్టు అంది.

"మాకెవరు చేస్తరక్కా?"

నాగమణమ్మ గడ్డంతో ఎదురుగది చూపించింది.

ఆ గదిలో రుక్మాబాయి ఉంటుంది. బొంబాయి నుంచి వచ్చి ఆరు నెలలైంది. అరవై దాటిన ఒంటరి మనిషి. నేలను ఊడ్చే పొడుగు లంగా, చేతికర్ర, ఒక రేకుపెట్టె. తలుపు దగ్గరగా వేసుకుని ఏదో రాసుకుంటుంది. ఎవరితోనూ మాట్లాడదు. ఆమెను పలకరిద్దామని బస్తీవాళ్లూ పోలేదు లెండి.

మధ్యాహ్నం ఆమె మందుల కోసం బయటికెళ్లింది. సుందరమ్మ పెనిమిటి మైసయ్య ఆ గది గొళ్లెం తీశాడు. ఆరు బర్రెలను ఒక్క కేకతో అదిలించే మనిషి, రేకుపెట్టె మూత ఎత్తడానికి మూడుసార్లు మైసమ్మ తల్లిని తలుచుకున్నాడు.

పెట్టెనిండా కాగితాలు. అన్నింటిమీదా మనుషుల బొమ్మలే. నడుం వంచినవి, కాలెత్తినవి, మెడ వాల్చినవి. ఒక్కో బొమ్మకు ఒక్కో బట్టముక్క, దానికో గుండుసూది. పక్కన బాణాలు, అంకెలు, తెలియని అక్షరాలు.

అన్నిటికన్నా పైనున్న బొమ్మకు గుచ్చి ఉన్నది ఆండాలు పావడా ముక్క!

ఆ బొమ్మ ఎడమకాలికి ఎర్రదారం చుట్టి ఉంది. కింద వంకర అక్షరాలతో ఒక్క మాట తెలుగులో ఉంది. మైసయ్య కూడబలుక్కున్నాడు.

"ఆం... డా... లు."

సుందరమ్మ అక్కడే కూలబడింది. "ఉన్నది ఒక్క బిడ్డ! మింగుతది, నా బిడ్డను మింగుతది!"

పెట్టె వాకిట్లోకి వచ్చింది. కిరసనాయిలూ వచ్చింది. జనం పిలవకుండానే వచ్చారు.

ఆండాలు గోడ పట్టుకుంటూ బయటికొచ్చింది.

"కాల్చకు బాపూ! అవ్వవి అవి! ముక్క నేనే కోసిచ్చిన!"

"చూసిన్రా? పిల్ల నోట్లకెళ్లి ముసల్దే మాట్లాడుతుంది," అంది నాగమణమ్మ.

అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. మైసయ్య అగ్గిపుల్ల గీశాడు.

"ఆగయ్యా!" సుందరమ్మ పై కాగితం లాగేసుకుంది. "ఇది వద్దు. బొమ్మ కాలితే నా బిడ్డకు కాలదా?"

చేయి తగలకుండా కొంగుతో పట్టుకెళ్లి, దేవుడి గూట్లో వేపాకుల కింద పెట్టింది. మిగతావన్నీ తగలబడ్డాయి.

రుక్మాబాయి వచ్చేసరికి బూడిద మిగిలింది.

"పో అమ్మా. ఈ బస్తీల ఉండకు," అన్నాడు మైసయ్య, ఆమె మొహం చూడకుండా.

ఆమె ఆండాలు వైపు తిరిగి, "నొప్పి ఉందా బేటీ?" అని మాత్రం అడిగింది.

సుందరమ్మ తన చేత్తో పిల్ల కళ్లు గట్టిగా మూసింది. రుక్మాబాయి రిక్షా ఎక్కి వెళ్లిపోయింది.

మర్నాటికి జ్వరం తగ్గింది. "నేను చెప్పలే?" అంది నాగమణమ్మ.

పదోరోజున ఆనందరావు అనే ఆయన ఉత్తరం పట్టుకుని వచ్చాడు.

"రుక్మాబాయి గారు ఉన్నారా? ఢిల్లీ నుంచి వచ్చాను. నాట్యకారుల కాగితాలు భద్రం చేసే చోట పనిచేస్తాను. ఆమె పెద్ద పెద్ద బ్యాలేలు, అంటే నృత్యనాటకాలు కూర్చారు, ఆడారు, వేషాలకు బట్టలు కూడా తనే కుట్టారు. ప్రతి అడుగుకూ బొమ్మ గీసి, వేషం బట్టముక్క గుచ్చి పెట్టిన నలభై ఏళ్ల పని ఒక రేకుపెట్టెలో ఉందని రాశారు. ఇక్కడ ఒక పాపకు నేర్పుతున్నారట. అది పూర్తయ్యాక పట్టుకెళ్లమన్నారు."

నాగమణమ్మకు అప్పుడే పొయ్యిమీది పాలు గుర్తొచ్చాయి.

సుందరమ్మను ఇంకో భయం పట్టుకుంది. ఇది తాము చేసిన పనిని చూసి పుట్టిన భయం. లోపలికెళ్లి, ఈసారి వట్టిచేత్తోనే కాగితం తెచ్చింది.

"ఆమెను ఎల్లగొట్టినం, కాగితాలు కాల్చినం సారూ. గిదొక్కటే మిగిలింది. ఏం రాసిందో జర చదువుండ్రి."

ఆయన తెలుగు చేసుకుంటూ చదివాడు. "'పొడుగు పావడా, ఇదే అంచు. ఆండాలు మధ్యలో నిలబడాలి, మిగతా పిల్లలు చుట్టూ తిరగాలి. దారం చుట్టిన కాలిమీద రోజూ కొంచెం బరువు వేయాలి. నొప్పి వస్తుంది. భయపడకూడదు.'"

"నువ్వు పాలు పొయ్య పోయినప్పుడు నేర్పింది అమ్మా," అంది ఆండాలు. "నీకు చెప్తే, పడిపోతనని ఆపుతవని చెప్పలే."

సుందరమ్మ తలెత్తి చూసింది. ఆండాలు వాకిట్లో, గోడకు రెండడుగుల దూరంలో, దేన్నీ పట్టుకోకుండా నిలబడి ఉంది.

"అడుగున ఇంకేమో ఉన్నది గద సారూ?"

ఆయన కాగితం వెలుతురుకు పెట్టి చదివాడు. "'ఆండాలూ, నా ఎడమకాలు కూడా చిన్నప్పుడే నీ కాలులా చచ్చిపోయింది, నేలను ఊడ్చే లంగాలు కుట్టుకుని నలభై ఏళ్లు ఆడాను, ఒక్కరూ కనిపెట్టలేదు.'"